ఆవలిగట్టున దగ్గు లేదు

ఒక పెద్ద అడవిలో జరిగిన సంగతి ఇది. మొదట చెప్పినవాడు మేకలు కాసే పోలినాయుడు మామ. ఆయన చెప్పిన కథలో కొంగ కుడికాలి మీద నిలబడింది. తరవాత చెప్పినవాళ్ళు ఎడంకాలు అన్నారు. రెండు కాళ్ళ మీదా నిలబడిందన్నవాడు కూడా ఒకడున్నాడు. ఆ మాట వాడు వాడింట్లో చెప్పుకోవచ్చు. ఇక్కడ మాత్రం కుడికాలే.

ఆ అడవిని ఒక ఏరు రెండు ముక్కలు చేసింది. ఏటికి ఇవతల రాజుగారి గుహ, సభ జరిగే మైదానం, మందుల గుహ, మంచి నీడ, మంచి మాటలు. అవతల కొండ. ఇవతలివాళ్ళు దాన్ని ఆవలిగట్టు అనేవారు. కొండ మీద పుట్టి పెరిగినవాళ్ళు కూడా తమ చోటుని ఆవలిగట్టు అనే అనుకునేవారు. రాజుగారి వైపు వాళ్ళు ఒక పేరు పెట్టాక ఇంకో పేరు పెట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ కొండ మీద రాళ్ళ మధ్య బొరియలో గవరమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ముసలిది. మొగుడు పోయి చాలాకాలమైంది. పోతూ పోతూ తన చెల్లెలు నూకాలుని ఆమెకి అప్పజెప్పి పోయాడు. అప్పట్నించీ వదినా ఆడపడుచులిద్దరికీ ఒకటే బొరియ. ఒకరి ముల్లు ఒకరికి గుచ్చుకోకుండా ఏనాడూ పడుకున్నది లేదు. గవరమ్మ పెళ్ళిలో నూకాలు పెద్ద దుంపలన్నీ తనవాళ్ళకి పెట్టి, చిన్నవి పెళ్ళికూతురివాళ్ళకి పెట్టిందని గవరమ్మ అంటుంది. అన్నీ ఒకే సైజు అని నూకాలు అంటుంది. చూసినవాళ్ళందరూ పోయారు. గొడవ మాత్రం ఉంది.

ఆ ఏడు వానలతో పాటు అడవిలోకి ఒక జబ్బు వచ్చింది. ముందు దగ్గు, ఆ తరవాత ఆయాసం, ఆ తరవాత లేవలేకపోవడం. ఇవతలిగట్టున ఎలుగుబంట్లు ఏదో వేరుని తేనెలో నూరి ఉండలు చేశాయి. ఉండ చిన్న వెలగకాయంత ఉంటుంది. నమిలి మింగితే జబ్బు దిగిపోతుంది. ఉండలన్నీ మందుల గుహలో పెట్టి, గుహ ముందు ఏనుగుని కాపలా ఉంచారు.

సింహంరాజుగారు సభ పెట్టారు.

"మందు అందరికీ అందాలి. నా అడవిలో గట్టుకో న్యాయం ఉండకూడదు," అన్నారు.

"చిత్తం ప్రభూ," అన్నాడు కార్యదర్శి కొండముచ్చు. చిత్తం ప్రభూ అనడంలో అడవి మొత్తం మీద అతనికి సాటి లేదు. "జబ్బు ఉన్న గట్టుకే మందు పంపుదాం. లేని గట్టుకి పంపితే దుబారా. అంతకన్నా న్యాయం ఏముంటుంది?"

"ఏ గట్టున జబ్బుందో ఎలా తెలుస్తుంది?"

అందరూ రాజవైద్యుడు కొంగగారి వైపు చూశారు. కొంగగారు కుడికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆయన కళ్ళు మూసుకుంటే ఆలోచిస్తున్నారని సభవారి నమ్మకం.

"వైద్యుడి ముందు దగ్గినదే దగ్గు. మిగతాదంతా చప్పుడు," అన్నారాయన కళ్ళు తెరవకుండానే.

సభవారు తోకలు ఊపారు. కొంగగారి ముందు ఒక రాయి వేయించారు. దానికి దగ్గుబండ అని పేరు పెట్టారు. రోగి వచ్చి బండ ఎక్కి దగ్గాలి. ఎన్ని దగ్గులు పడితే ఆ గట్టు లెక్కలో అన్ని ఉండలు. ఏ గట్టువాళ్ళైనా రావచ్చు, అడ్డం పెట్టడానికి తలుపు కూడా లేదని కొండముచ్చు చూపించాడు. మధ్యలో ఏరున్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వాళ్ళకి అది నీళ్ళు తాగే చోటు.

"నేను కూడా ఎక్కాలా ఆ బండ?" అన్నారు రాజుగారు.

"ఎంతమాట! రాజుకి జబ్బు రాదు ప్రభూ. వచ్చిందని అన్నవాణ్ణి మొసళ్ళ మడుగులో దింపుదాం," అన్నాడు కొండముచ్చు.

రాజుగారికి ఆ మాట నచ్చింది. అది కూడా ఆజ్ఞ అయింది.

చాటింపు పని చిలుకది. ఆవలిగట్టుకి చాటింపు వెయ్యాలంటే అది అంతదూరమూ ఎగిరేది కాదు. ఏటి మధ్యలో ఉన్న బండరాయి మీద వాలి, అక్కణ్ణించే గొంతెత్తేది.

"ఇవతలిగట్టున దగ్గు నిండుగా ఉంది! మందు నిండుగా ఉంది! ఆవలిగట్టున దగ్గు లేదు! ఆవలిగట్టువారికి రాజుగారి అభినందనలు!"

అప్పటికి బొరియలో నూకాలు దగ్గి దగ్గి గోడకి చేరబడింది.

"విన్నావేటే? మనకి దగ్గు లేదంట," అంది గవరమ్మ.

నూకాలు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. కడుపు పట్టుకుని మళ్ళీ దగ్గింది. "మరి ఇదేటి వదినా?"

"అభినందనలు."

పొరుగునే సన్నాసి అనే అడవిపంది ఉండేవాడు. పెద్ద ఒళ్ళు, పెద్ద గొంతు, వెటకారం ఎక్కువ. గవరమ్మని అక్కలా చూసి అప్పా అని పిలిచేవాడు. చిలుక చాటింపు వినీ వినగానే ఏటి ఒడ్డుకి దిగాడు.

"ఉండప్పా, ఆ చిలక్కి మన సరుకు కొంచెం వినిపిస్తాను," అని, నాలుగు కొండలకి వినబడేలా దగ్గాడు. అతనికి కూడా అప్పటికే అంటుకుంది, కష్టపడి దగ్గాల్సిన పని లేకపోయింది.

చిలుక తల పక్కకి వంచి విన్నది. "ఆవలిగట్టువారు నవ్వుతున్నారు! ఆవలిగట్టు ఆనందంగా ఉంది!" అని కూడా కలుపుకుని ఎగిరిపోయింది.

నూకాలుకి ఆయాసం వచ్చింది. ముళ్ళు పైకి లేపే ఓపిక కూడా లేక, అన్నీ ఒంటికి అంటుకుపోయి, తడిసిన గడ్డిమోపులా పడి ఉంది. గవరమ్మ వేరు తెచ్చి పెడితే వాసన చూసి వద్దంది. ఇంతకాలంలో గవరమ్మ పెట్టినదాన్ని చిన్నదని వంక పెట్టకుండా వద్దనడం అదే మొదలు. గవరమ్మకి అప్పుడు భయం వేసింది.

"నేనెళ్ళి ఉండ తెస్తాను. మూసుకుని పడుకో," అంది.

"నా కోసం నువ్వు ఏరు ఈదుతావా వదినా?"

"నీ కోసమేటి? నువ్వు పోతే ఆ పెళ్ళిదుంపల మాట నేనెవరి మొహాన అడగాలి?"

ముళ్ళపంది ముళ్ళు లోపల డొల్లగా ఉంటాయి. నీళ్ళలో పడితే అవే పైకి తేలుస్తాయి. అయినా ఏరు ఏరే. గవరమ్మ ఈది, కొట్టుకుపోయి, మళ్ళీ ఈది, ఇవతలిగట్టున చాలా దిగువన తేలింది. అక్కణ్ణించి నడిచి దగ్గుబండ చేరింది.

బండ దగ్గర తిరనాళ్ళలా ఉంది. నక్కలు, దుప్పులు, కుందేళ్ళు ఒకరి మెడ మీద ఒకరు దగ్గుతున్నారు. వరసలో గవరమ్మ ముందు నెమలి నిలబడింది.

"నీకూ జబ్బేనా అమ్మా?" అంది గవరమ్మ.

"అబ్బే, నాకెందుకొస్తుంది పిన్నిగారూ? ఈ ఉండ తింటే ఈకలకి నిగారింపు వస్తుందంటేనూ."

"దగ్గు లేకుండా ఇస్తారా?"

"దగ్గుతాను. చిన్నగా, అందంగా." నెమలి బండ ఎక్కి దగ్గింది. నిజంగానే అందంగా దగ్గింది. ఉండ వచ్చింది. నిన్నటి ఉండ కూడా బాగుందని చెప్పి వెళ్ళింది.

గవరమ్మ వంతు వచ్చింది.

"కొంగగారూ, మాది ఆవలిగట్టు. జబ్బు నాకు కాదు, మా ఆడపడుచుకి. లేవలేకుండా ఉంది. ఒక్క ఉండ ఇప్పించండి."

"రోగి ఎక్కడ?"

"చెప్పాను గదా, లేవలేదని."

"లేవలేనిది రాలేదు. రానిది దగ్గలేదు. దగ్గనిది రోగి కాదు," అన్నారు కొంగగారు. కాలు మార్చలేదు.

గవరమ్మ గబుక్కున బండ ఎక్కి, తనే దగ్గింది. ఏటినీళ్ళు గొంతులో ఉండటంవల్ల దగ్గు బాగానే వచ్చింది.

కొంగగారు ఒక కన్ను తెరిచారు. "ఏరు ఈది వచ్చావా?"

"ఈది వచ్చాను."

"ఈది, ఇంతదూరం నడిచి, ఇంత గట్టిగా దగ్గావంటే నీ ఊపిరి దివ్యంగా ఉంది. ఏటికి అవతలినించి వచ్చి బండ ఎక్కగలిగినవాళ్ళెవరికీ జబ్బు ఉన్నట్టు కాదు." కన్ను మూసుకున్నారు.

"అయితే మీరే ఒకసారి రండి. రెక్కలున్నవారు గదా. ఇలా ఎగిరి అలా వాలితే మా గట్టు మొత్తం మీ ముందు దగ్గుతుంది."

ఈ మాటకి కొండముచ్చు అడ్డొచ్చాడు. "జబ్బు లేని చోటికి వైద్యుడు ఎగిరితే జబ్బుందని పుకారు పుట్టదూ? మీ గట్టుకి ఎంత మంచిపేరుంది! దాన్ని చెడగొట్టుకుంటావా?"

"వైద్యుడు రాకపోతే జబ్బుందని తెలిసేదెలగ బాబూ?"

"తెలియడం లేదు గదా? అంటే లేదనేగా."

గవరమ్మ ముళ్ళు ఒక్కసారి లేచి గలగలమన్నాయి. వెనకనున్న కుందేళ్ళు రెండడుగులు జరిగాయి. ఆమె మాత్రం బండ దిగింది.

"గోరువెచ్చని నీళ్ళు పట్టించు. ధైర్యం చెప్పు," అన్నారు కొంగగారు వెనకనించి.

"ధైర్యం వెలగకాయంత ఉంటాదా కొంగగారూ?" అని గవరమ్మ అడిగింది. కొంగగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆలోచిస్తున్నారని అందరూ అనుకున్నారు.

ఉత్త చేతులతో వచ్చిన గవరమ్మని చూసి సన్నాసి సంగతంతా విన్నాడు.

"ఓస్, రోగి వెళ్ళి దగ్గాలి, అంతే గదా? నూకాలప్పని నేను పట్టుకెళ్తాను పద," అన్నాడు. గట్టున పడి ఉన్న దుంగ మీద నూకాలుని పడుకోబెట్టి, తీగతో కట్టి, తను నీళ్ళలో దిగి మొహంతో దుంగని నెట్టాడు. పక్కన గవరమ్మ ఈదింది. దారి పొడుగునా సన్నాసి ఆయాసపడుతూనే నూకాలుని నవ్వించాలని చూశాడు. "పెళ్ళికూతురిలా తీసుకెళ్తున్నాను అప్పా. ఈసారైనా పెద్ద దుంపలు పెట్టు," అన్నాడు. నూకాలు నవ్వబోయి దగ్గింది. "ఇప్పుడొద్దు, దాచుకో, బండ మీద దగ్గాలి," అంది గవరమ్మ.

బండ మీదికి ఇద్దరూ మోసి ఎక్కించారు. నూకాలు కొంగగారి ముందు దగ్గింది. లోపలి పేగుల్నించి వచ్చిన దగ్గు. కొంగగారు రెండు కళ్ళూ తెరిచారు.

"ఇది దగ్గే," అన్నారు.

గవరమ్మకి కాళ్ళలోకి ప్రాణం వచ్చింది.

కొండముచ్చు ముందుకి వచ్చాడు. "శుభం. ఈ దగ్గు ఏ గట్టున పడింది?"

"ఏ గట్టేటి? ఇక్కడే గదా, మీ ముందే పడింది," అన్నాడు సన్నాసి.

"అదే అంటున్నాను. ఇవతలిగట్టున పడింది. ఇవతలిగట్టు లెక్కకి ఒక ఉండ పెరిగింది." అతను వేలితో సైగ చేస్తే ఏనుగు ఒక ఉండ తెచ్చింది. నూకాలు నోరు తెరిచింది. "ఆగాగు. నువ్వుండేదెక్కడ?" అన్నాడు కొండముచ్చు.

"ఆవలిగట్టున."

"ఆవలిగట్టువాళ్ళకి ఆవలిగట్టు లెక్కలోంచి ఇవ్వాలి. ఆవలిగట్టున దగ్గు పడలేదు, లెక్కలో ఉండ లేదు. నేనేం చెయ్యను?"

ఆ ఉండని నెమలికి ఇచ్చారు.

"మా దగ్గు, మీ మందునా?" అని సన్నాసి అరిచాడు.

"పరుషంగా మాట్లాడకు. దగ్గు అందరిదీ. మందు గట్టుది," అన్నాడు కొండముచ్చు చాలా శాంతంగా.

తిరిగి వచ్చేటప్పుడు సన్నాసి జోకులు వెయ్యలేదు. ఊపిరంతా దుంగ నెట్టడానికే సరిపోయింది. ఒడ్డు చేరాక, "కొంచెంసేపు పడుకుంటాను అప్పా," అని రెల్లుగడ్డిలో పడుకున్నాడు. అదే పడక అయింది. వానలు తగ్గకముందే పోయాడు. అతన్ని పూడ్చిపెట్టి గవరమ్మ గోళ్ళు కడుక్కుంటుండగా ఏటి మధ్య రాయి మీంచి చిలుక ఆవలిగట్టుకి ఇంకోసారి అభినందనలు చెప్పింది.

ఇక ఇవతలిగట్టు సంగతి. రోజూ అందరూ బండ దగ్గర చేరి ఒకరి మీద ఒకరు దగ్గడంతో, జబ్బు లేకుండా వచ్చినవాళ్ళు కూడా జబ్బు తీసుకుని ఇళ్ళకెళ్ళడం మొదలుపెట్టారు. నెమళ్ళూ నక్కలూ ముందుజాగ్రత్తకని ఉండలు మింగడంతో గుహ అడుగు కనిపిస్తోంది. రాజుగారి గుహ ముందు కూడా దగ్గులు వినిపించాయి. రాజుగారికి నిద్ర పట్టలేదు.

"కార్యదర్శీ, ఆవలిగట్టున జబ్బు లేదంటున్నావు గదా?"

"బొత్తిగా లేదు ప్రభూ."

"అలాంటి చోటొకటి నా అడవిలో ఉండగా నేనిక్కడ ఎందుకున్నాను?"

ఆవలిగట్టు సంగతి కొండముచ్చుకి తెలుసు. కానీ తన మాటనే చిలుక నోట అన్నిసార్లు విన్నాక, అతనికి కూడా అది నిజమే అనిపించింది. "వెంటనే బయల్దేరుదాం ప్రభూ," అన్నాడు. అన్నాక అతనికే హాయిగా అనిపించింది.

"మందు కూడా తీసుకెళ్దామా?"

"జబ్బు లేని గట్టుకి మందు దాటకూడదని తమరి ఆజ్ఞే ఉంది. పైగా మందు వెంట పెట్టుకెళ్తే, అక్కడ జబ్బుందని మనమే ఒప్పుకున్నట్టు."

ఏరు కాస్త తగ్గిన పూట చూసి ఏనుగు అందర్నీ వీపు మీద ఆవలిగట్టుకి చేర్చింది. రాజుగారు, కొండముచ్చు, కొంగగారు, నెమలి, చిలుక. దింపి, మళ్ళీ తన కాపలాకి తను వెళ్ళిపోయింది. ఎగిరిరాగల కొంగగారు కూడా ఏనుగు మీదే వచ్చారు. అప్పటికే ఆయన ఎగిరితే ఆయాసం వస్తోంది. తన ముందు తనే దగ్గితే అది లెక్కలోకి వస్తుందో రాదో శాస్త్రంలో లేదు గనక ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

రాజుగారు కొండ ఎక్కుతుంటే పొదలోంచి దగ్గు. రాళ్ళ సందులోంచి దగ్గు. చెట్టు మీంచి దగ్గు.

"ఏమిటది?"

"ఆవలిగట్టువారు నవ్వుతున్నారు!" అంది చిలుక.

బొరియ ముందు కూర్చున్న గవరమ్మ అంతా చూస్తోంది. లేవలేదు, దండం పెట్టలేదు.

ఆ సాయంత్రమే పై కొండల్లో వాన పడి ఏరు పొంగింది. చెట్లకి చెట్లే కొట్టుకొస్తున్నాయి. వెనక్కి దారి లేదు. మరి కొన్నాళ్ళకి రాజుగారు దగ్గారు.

"రాజుగారు గొంతు సవరించుకున్నారు," అన్నాడు కొండముచ్చు.

"రాజుగారు గొంతు సవరించుకున్నారు!" అని చిలుక చాటింది.

తరవాత రాజుగారికి గొంతు సవరించుకోవడమే పనైపోయింది. ఆయాసం వచ్చింది. కొండముచ్చు చిలుకని ఏనుగు దగ్గరికి పంపించాడు. చిలుక తడిసి ముద్దయి తిరిగొచ్చి, ఏనుగు మాట ఉన్నదున్నట్టు అప్పజెప్పింది: "ఆవలిగట్టున దగ్గు లేదని మీరే చాటించారు. ఉందని కొంగగారి నోట మాట తెండి. ఎన్ని దగ్గులంటే అన్ని ఉండలు ఇస్తాను. కాపలా వదిలి నేను రాను. మొయ్యగలిగినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి."

మొయ్యగలిగినవాళ్ళెవరు? ఉండ చిలుక ఎత్తలేదు. కొంగగారు ఎగరలేరు. కొండముచ్చుకి ఈత రాదు, నెమలికి ఏదీ రాదు. ఆ పొంగులో ఈదగలిగిన ప్రాణి కొండ మొత్తం మీద ఒక్కటే ఉంది.

కొండముచ్చు బొరియ ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "గవరమ్మగారూ, ఒంట్లో బాగుందా?"

"దివ్యంగా ఉంది. కొంగగారే చెప్పారు."

"తమరు ఒకసారి ఏరు దాటాలి. ఉండ తేవాలి."

"ఎవరికి?"

అతను అటూ ఇటూ చూశాడు. రాజుగారి పేరు ఎత్తితే మొసళ్ళ మడుగు. అది పెట్టించినవాడు కూడా తనే. "మీ ఆడపడుచుగారికి," అన్నాడు.

గవరమ్మ అతన్ని పై నుంచి కిందికి చూసింది. "మా గట్టు మొత్తం దగ్గుతోంది. అందరికీ చెప్పించు కొంగగారి చేత. ఎన్నిసార్లంటే అన్నిసార్లు ఈదుతాను."

"వద్దమ్మా. ఇన్నాళ్ళూ సున్నా అన్నాం. ఒకటి అంటే పొరపాటు అంటారు. వంద అంటే అబద్ధం అంటారు. ఒక్కటే."

కొంగగారిని నూకాలు ముందు నిలబెట్టారు. ఆయాసపడుతూనే కుడికాలి మీద నిలబడ్డారు. నూకాలు దగ్గింది. ఆ దగ్గులో ఇప్పుడు చప్పుడే లేదు, గాలి మాత్రమే ఉంది. "దగ్గే. ఆవలిగట్టు దగ్గు, ఒకటి," అన్నారు కొంగగారు. చిలుక ఆ మాట పట్టుకుని ఎగిరింది. గవరమ్మ ఏట్లో దూకింది.

ఆమె వెళ్ళాక కొండముచ్చు రాజుగారి చెవిలో, "పేరు దానిది, మందు తమది ప్రభూ," అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ, ముళ్ళపందుల బొరియకి గాలి పోవడానికి ఒక కన్నం ఉంటుంది. నూకాలు విన్నది. మాట అనడానికి ఊపిరి లేదు.

గవరమ్మ ఎలా వెళ్ళిందో ఎలా వచ్చిందో చూసినవాళ్ళు లేరు. పొంగులో కొట్టుకొచ్చే చెట్ల మధ్య ముళ్ళు కొన్ని విరిగిపోయాయి. ఒడ్డు ఎక్కేసరికి పళ్ళ మధ్య ఉండ ఉంది. ఒడ్డు మీద అందరూ వరసగా నిలబడి ఉన్నారు. మధ్యలో సింహంరాజుగారు.

"ఇలా ఇవ్వమ్మా," అన్నారు రాజుగారు. మంచిగానే అన్నారు.

గవరమ్మ ఏమీ అనలేదు. నోట్లో మందుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరికీ ఎదురుజవాబు చెప్పకుండా ఊరుకున్నది అదొక్కసారే. వెనక్కి తిరిగింది. ఒంటి మీద మిగిలిన ముళ్ళన్నీ లేపింది. గలగలమంటూ వెనక్కి వెనక్కి నడిచింది. కొండముచ్చు చెట్టెక్కాడు. నెమలి ఈకలు మూసుకుంది. రాజుగారు ఒక పంజా ఎత్తి, ఆ ముళ్ళు చూసి, దింపుకున్నారు. అలా వెనక్కి నడుచుకుంటూనే గవరమ్మ బొరియలో దూరింది.

"నమలవే."

"చేదు వదినా."

"మీ అన్న మాటలకన్నానా? మింగు."

నూకాలు సగం నమిలి ఆగింది. "రాజుగారికి... ఆయనకని తెప్పించారంట. నేను విన్నాను."

"నీ పేరు మీద తెచ్చాను. నీ పేరు మీద దగ్గావు. మింగు."

మింగింది. పొద్దెక్కేసరికి ఊపిరి నిలకడగా ఆడింది. వదిన తెచ్చి పెట్టిన దుంప చూసి, "ఇంత చిన్నదా?" అంది. గవరమ్మ బయటికొచ్చి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది.

రాజుగారు చెట్టు కింద పడుకుని ఉన్నారు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. గవరమ్మకి ఆయన మీద కోపం ఉంది గానీ, ఆ ఊపిరి ఎలాంటిదో నూకాలు పక్కనే పడుకుని విన్నది గనక ఊరుకోలేకపోయింది.

"కొంగగారూ, రాజుగారికి జబ్బని ఒక్కమాట అనండి. ఒళ్ళు హూనమైపోయింది, అయినా ఇంకోసారి ఈదుతాను," అంది.

కొంగగారు కళ్ళు మూసుకున్నారు.

"కొండముచ్చుగారూ, మీరైనా అనండి."

"రాజుకి జబ్బు రాదమ్మా," అన్నాడు కొండముచ్చు చెట్టు మీంచి.

"నాకు జబ్బే," అన్నారు రాజుగారు. గొంతు పెగల్లేదు గానీ అందరికీ వినబడింది. "వచ్చింది. నేనే చెప్తున్నాను."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మడుగు ఆజ్ఞ అందరికీ గుర్తుంది.

"ప్రభువులు ఎంత హాస్యప్రియులు!" అన్నాడు కొండముచ్చు.

"ప్రభువులు హాస్యప్రియులు!" అని చిలుక చాటింది. నెమలి నవ్వింది.

ఏరు తగ్గేలోపు రాజుగారు పోయారు. "రాజుగారు సంపూర్ణ ఆరోగ్యంతో కాలం చేశారు!" అని చిలుక రెండు గట్ల మీదా చాటింది. తరవాత ఏనుగు వచ్చి మిగిలినవాళ్ళని ఇవతలికి చేర్చింది. కొంగగారు ఇవతలికొచ్చి ఉండ తిని బాగుపడి, ఆవలిగట్టు లెక్క సభకి చెప్పారు. జబ్బు పడినది ఒకటి, కోలుకున్నది ఒకటి, పోయినవాళ్ళు లేరు. అడవి మొత్తం మీద ఇంత చక్కగా కోలుకున్న గట్టు ఇంకోటి లేదని సభవారు తోకలు ఊపారు. అంత బాగా కోలుకున్న గట్టుకి ఇంకా మందెందుకని ఆ తరవాత కూడా పంపలేదు.

కొండముచ్చు రాజయ్యాడు. రాజయ్యాక పాతరాజుగారి పేరు మీద ఆవలిగట్టున ఏటేటా ఒక సంబరం పెట్టాడు. మొదటి ఏడు గవరమ్మా నూకాలూ కూడా వెళ్ళి వెనక కూర్చున్నారు. నెమలి ఆడింది. చిలుక చాటింది. "తన మందుని తన నోటి దగ్గర్నించి తీసి, పేద ముళ్ళపందికి పెట్టి, ప్రాణం విడిచిన దయామయుడు మన రాజుగారు!"

గవరమ్మ లేచి నిలబడింది. "ఎవడు పెట్టాడ్రా? ఎవడి నోటి దగ్గర్నించి తీశాడు?"

"అవ్వకి ఆనందంతో మాట తడబడుతోంది. కూర్చోబెట్టండి," అన్నాడు కొండముచ్చు.

అందరూ చప్పట్లు కొట్టారు. కొందరికి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి.

నీతి: జబ్బు పడదలుచుకున్నవాళ్ళు ముందు మందున్న గట్టు చూసుకుని, అక్కడ ఇల్లు కట్టుకుని, ఆ తరవాత పడాలి.

ఇక చదువొచ్చినవాళ్ళకి ఒక మాట. ఆ సంబరం కథ ఇప్పటికీ చిలుక చెప్పినట్టే నడుస్తోంది, పిల్లలకి కూడా అలాగే నేర్పుతున్నారు. ఆ ఉండ రాజు ఇచ్చింది కాదు. అడిగితే ఇవ్వకుండా గవరమ్మ పట్టుకెళ్ళింది. మీలో ఎవరికైనా అటువైపు పలుకుబడి ఉంటే ఆ దయామయుడన్న మాట కొట్టేయించి, ఈ ముక్క రాయించండి. పేరు సరిగ్గా రాయించండి. గవరమ్మ.